నేల అడిగే గడువు

మా బి.కొత్తకోట ప్రాంతాన్ని చూసినవాళ్లు ఇక్కడ పునాదులకు దిగులేముందని అంటారు. పైన ఎర్రమన్ను, దాని కింద గరుసు, తవ్వేకొద్దీ గట్టిపడే మొరం, ఇంకా కిందికి పోతే నల్లరాయి. హార్స్‌లీ కొండ పాదాల నుంచి మదనపల్లె దాకా, అక్కడి నుంచి పుంగనూరు, కుప్పం దాకా నేల గుణం చాలావరకు ఇదే. అయితే ఇది చెరువుల సీమ కూడా. కొండవాలు మీద కురిసిన వాన మన్నును కోసుకుని కిందికి దిగుతుంది. బరువైన ఇసుక దారిలో ముందే ఆగిపోతుంది. అన్నిటికన్నా మెత్తనిది, నీళ్లలో తేలుతూ వచ్చే బంకమన్ను, కట్ట దాకా ప్రయాణించి అక్కడ కూర్చుంటుంది. తరాల తరబడి ఇలా జరిగాక చెరువు అడుగునా, కట్ట కింది కయ్యల్లోనూ మనిషి పొడవున ఒండుమన్ను పేరుకుంది. ఎండాకాలంలో అది నెర్రెలు విచ్చి రాయిలా కనిపిస్తుంది. వానలు పడితే కాలు మోకాటిదాకా దిగుతుంది.

మా పెద్దలు ఆ మన్నును పంటకు వాడారు, బండ్లతో తోలి చేలకు ఎరువుగా చల్లారు, దాని మీద ఇల్లు మాత్రం కట్టలేదు. ఇప్పుడు ఊళ్లు పెరిగి ఆ కయ్యల్లోకే దిగుతున్నాయి. రోడ్లు వాటి మీదుగా పోతున్నాయి. ప్లాట్లు పడుతున్నాయి. కాబట్టి గట్టినేల ఊరివాళ్లమైన మాకు కూడా మెత్తనేల ప్రశ్న వచ్చింది.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి నేల పరీక్షల పనిలో స్థిరపడ్డాను. ఈ పని నాకు ఒక పాఠం నేర్పింది. మెత్తని నేలకు మనం ముందుగా ఇవ్వాల్సింది గడువు. ఏం కలపాలన్నది ఆ తర్వాతి మాట. గడువు ఇవ్వగలిగితే, పరిశ్రమలు వదిలేసిన బొగ్గు బూడిద, ఇనుప కొలిమి స్లాగు ఆ నేలను నిలబెడతాయి. ఇవ్వలేకపోతే సిమెంటు బస్తా విప్పడం తప్ప మరో దారి మిగలదు. ఈ ఒక్క మాట నాలో స్థిరపడటానికి చాలా కాలం పట్టింది. ఎందుకు పట్టిందో, దాని వెనకున్న శాస్త్రం ఏమిటో ఇక్కడ రాసుకుంటున్నాను.

మొదట సిమెంటు సంగతి. దాని మీద నాకు చిన్నచూపు లేదు. మన ఇళ్లు, ఆసుపత్రులు, ప్రాజెక్టులు దాని మీదే నిలిచాయి. దాని పుట్టుకను మాత్రం ప్రతి ఇంజనీరూ తెలుసుకోవాలి. సున్నపురాయినీ మట్టినీ కలిపి 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే సిమెంటుకు మూలమైన క్లింకర్ వస్తుంది. ఆ వేడికి బొగ్గు కాల్చాలి, సిమెంటు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో అది ఒక భాగం. అంతకంటే పెద్ద భాగం రాయిలోనే దాగి ఉంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. ఇంధనం మార్చినా, సౌరవిద్యుత్తు పెట్టినా ఈ 44 కిలోలు తగ్గవు. అందుకే ప్రపంచమంతటా మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7–8 శాతం సిమెంటు వాటా అయింది.

నేలకు సిమెంటు కలపడమంటే ఎంతో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. చెరువు కింది మెత్తని నేల మీద కిలోమీటరు పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు రోడ్డు వేయాలి. పై 30 సెంటీమీటర్ల మన్నును గట్టిపరచాలంటే 2,250 ఘనపు మీటర్ల మన్ను. ఘనపు మీటరుకు 1.7 టన్నుల చొప్పున సుమారు 3,800 టన్నులు. అందులో 6 శాతం సిమెంటు అంటే దాదాపు 230 టన్నులు. మామూలు సిమెంటయితే దాని తయారీలో గాలిలో కలిసేది దాదాపు 200 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఇది పైకి కనిపించని పొర, కిలోమీటరు రోడ్డు కింద పూడిపోయే పొర. ఆ 200 టన్నులు దాని కోసమే.

మరి మన చుట్టూ ఇంకేం ఉన్నాయి? కడప జిల్లాలో ముద్దనూరు, ఎర్రగుంట్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994 నుంచి నడుస్తోంది. దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు 30 నుంచి 45 శాతం. అంటే మూడు లారీల బొగ్గు కాలిస్తే సుమారు ఒక లారీ బూడిద మిగులుతుంది. దేశం మొత్తం మీద 2021–22లో సుమారు 27 కోట్ల టన్నుల బూడిద వచ్చింది. బూడిదను కుప్పలుగా వదలకుండా వాడి తీరాలని కేంద్రం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. 2021 డిసెంబరు 31న దాన్ని మరింత గట్టిగా మార్చింది. ఇటు పడమట బళ్లారి దగ్గర తోరణగల్లులో ఉక్కు కర్మాగారం ఉంది. అక్కడి కొలిమి స్లాగును నంద్యాల జిల్లా బిలకలగూడూరులో సిమెంటులోకీ, మెత్తని పొడిగానూ దంచుతున్నారు. తూర్పున విశాఖ ఉక్కు స్లాగు ఉంది. ఇటు రాయలసీమ, అటు కోస్తా రెండూ బూడిద, స్లాగు నిల్వలకు దగ్గరగానే ఉన్నాయి.

బూడిద, స్లాగు రెండూ ఒకటి కావు. వాటి తేడా తెలియకపోతే పని చెడుతుంది. బొగ్గు బూడిదలో సిలికా, అల్యూమినా ఎక్కువ, సున్నం తక్కువ. నీళ్లు కలిపినంత మాత్రాన అది గట్టిపడదు, పక్కన సున్నం ఉండాలి. నెయ్‌వేలి లిగ్నైట్ బూడిద వేరు. దానిలో సున్నం పాలు ఎక్కువ కాబట్టి తనంతట తానే కొంత గట్టిపడుతుంది. ఇక స్లాగు సంగతి. ఇనుము కరిగే కొలిమిలో ఒక టన్ను ఇనుముకు 300–400 కిలోల స్లాగు పైకి తేలుతుంది. దాన్ని మెల్లగా చల్లారనిస్తే రాయి అవుతుంది, కంకరగా పనికొస్తుంది. కరిగి ఉండగానే నీళ్ల ధారతో ఒక్కసారి చల్లారిస్తే గాజులాంటి గుళికలవుతుంది. ఆ గాజులో సిమెంటు గుణం నిద్రపోతూ ఉంటుంది. పాలకు తోడు వేసినట్టు కొంచెం సున్నమో, కొంచెం సిమెంటో కలిపితే అది మేల్కొంటుంది.

ఇప్పుడు నేల లోపల జరిగేది చూద్దాం. బంకమన్నులో మట్టిరేణువులు కంటికి కనిపించని రేకుల్లా ఉంటాయి. మా ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కేయోలినైట్ రేకులు నీళ్లను పెద్దగా లోపలికి రానివ్వవు. నల్లరేగడిలోని మాంట్‌మొరిల్లనైట్ రేకులు మాత్రం తమ మధ్యకు నీటిని లాక్కుని ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. ఇందుకే రేగడి నేలలో గోడలు బీటలిస్తాయి. అలాంటి మన్నులో సున్నం కలిపితే రెండు పనులు రెండు వేగాల్లో జరుగుతాయి. మొదటిది గంటల్లో జరిగే పని. సున్నంలోని కాల్షియం రేకుల చుట్టూ చేరి వాటిని గుంపులుగా దగ్గరకు లాగుతుంది. జిగటగా ఉన్న మన్ను పొడిపొడిగా విరుగుతుంది, పనివాళ్ల చేతికి లొంగుతుంది. రెండోది వారాల్లో, నెలల్లో జరిగే పని. సున్నం వల్ల మన్నులోని నీటి క్షారగుణం బాగా పెరుగుతుంది. ఆ క్షారంలో మట్టిలోని, బూడిదలోని సిలికా, అల్యూమినా మెల్లగా కరిగి, సున్నంతో కలిసి కొత్త జిగురు పదార్థంగా పేరుకుంటాయి. సిమెంటును గట్టిపరిచే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ ఇదే. పదార్థం ఒకటే, అది పుట్టడానికి పట్టే కాలమే వేరు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివినప్పుడు నాలో నిలవలేదు. ప్రయోగశాలలో చేత్తో తాకినప్పుడు నిలిచింది. ఒకే బంకమన్ను, మూడు వరసల నమూనాలు. ఒకదాంట్లో సిమెంటు, ఒకదాంట్లో బూడిద, సున్నం, ఇంకోదాంట్లో స్లాగు, సున్నం. 7 రోజుల నాడు సిమెంటు నమూనా నిలబడింది, బూడిద నమూనా బొటనవేలికి లొంగింది. అక్కడితో పరీక్ష ఆపేసి ఉంటే బూడిద పనికిరాదని రాసి సంతకం పెట్టేవాళ్లం. మా గురువుగారు ఆపనివ్వలేదు. 28 రోజులకు, 90 రోజులకు కూడా పరీక్షించమన్నారు. తడిగుడ్డల్లో, మూతవేసిన డబ్బాల్లో ఉంచిన ఆ నమూనాలు కాలం గడిచేకొద్దీ మారిపోయాయి. స్లాగు ముందు లేచింది, బూడిద వెనక లేచింది. 90 రోజుల నాడు బూడిద నమూనాలోకి గోరు దిగలేదు. బలం లేదని మనం అనుకున్నచోట నిజానికి ఇంకా గడువు తీరలేదంతే.

ఆనాటి నుంచి ఏ నివేదిక చేతికొచ్చినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: ఈ సంఖ్య ఎన్ని రోజుల నాటిది? మన టెండర్లు, బిల్లులు, పనుల షెడ్యూళ్లు అన్నీ 7 రోజులకో 28 రోజులకో కట్టుబడి ఉన్నాయి. సిమెంటు గుణాన్ని బట్టి పెట్టుకున్న ఆ గడువులను నేల ధర్మమని అనుకున్నాం. ఆ లెక్కలో మెల్లగా బలపడేవన్నీ బలహీనమైనవిగా కనిపిస్తాయి.

మన పూర్వులకు ఈ ఓపిక కొత్త కాదు. సున్నాన్ని గుంతలో నానబెట్టి, ఇసుకతోనో ఇటుకపొడితోనో కలిపి, ఎద్దులు కట్టిన రాతి గానుగలో రోజుల తరబడి నూరేవాళ్లు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రీలూ ఉండేవారు. కాలిన మట్టిపొడి సున్నంతో కలిస్తే గట్టిపడుతుందని వాళ్లకు అనుభవంతో తెలుసు. ఆ ఇటుకపొడినే సుర్కీ అంటారు. ఈ విద్య గుళ్లకూ కోటలకూ మాత్రమే పరిమితం కాలేదు. 1953లో నీళ్లు నిలిపిన తుంగభద్ర ఆనకట్టను రాతికట్టుబడితో, సుర్కీ గారతో కట్టారు. రాయలసీమ పొలాలకు ఇప్పటికీ నీళ్లిస్తున్న కట్టడం అది. బూడిద, స్లాగు కొత్త సరుకులే కావచ్చు, వాటి వెనకున్న రసాయనం మాత్రం మన గానుగల్లో తిరిగినదే.

మన విశ్వవిద్యాలయాల్లోనూ ఈ పని జరిగింది. కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేసిన బి.ఆర్. ఫణికుమార్, రాధే శర్మతో కలిసి 2004లో ఉబ్బే నేలల్లో బొగ్గు బూడిద ప్రభావం మీద ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. 20 శాతం బూడిద కలిపితే మన్ను ఉబ్బే గుణం సుమారు సగానికి తగ్గుతుందని, బలం పెరుగుతుందని అది చూపింది. మాకు దగ్గరి మహానగరం బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థలో ఎ. శ్రీధరన్, పి.వి. శివపుల్లయ్య వంటివారు సున్నం, బూడిద, బంకమన్నుల సంబంధాన్ని దశాబ్దాల పాటు పరిశీలించారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2010లో సిమెంటు, సున్నం, బూడిదలతో నేలను స్థిరపరిచే పద్ధతికి ఒక మార్గదర్శకం తెచ్చింది. అంటే దారి వేసి ఉంది, నడవడమే మన వంతు.

బయటి దేశాల్లో ఈ సమస్య మరీ లోతైనది. స్వీడన్‌లో, జపాన్‌లో పలు పెద్ద ఊళ్లు, ఓడరేవులు మెత్తని సముద్రపు బంకమన్ను మీద ఉన్నాయి. 1960ల చివర, 70లలో ఆ రెండు దేశాలూ విడివిడిగా ఒక పద్ధతిని అభివృద్ధి చేశాయి. పెద్ద బరమాలాంటి యంత్రాన్ని నేలలోకి దింపి, సున్నమో సిమెంటో లోపలే మన్నుతో కలిపి, మన్నునే స్తంభాలుగా మారుస్తారు. తవ్వి పారబోసే మన్ను ఉండదు, కొత్త మన్ను తేవాల్సిన పని ఉండదు. ఇప్పుడు ఆ స్తంభాల్లో సిమెంటు తగ్గించి స్లాగు, బూడిద, కొలిమి దుమ్ము కలుపుతున్నారు. మన కాకినాడ, విశాఖ తీరాల సముద్రపు బంకమన్నుకూ, కృష్ణా గోదావరి డెల్టాల మెత్తని నేలలకూ ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. వాళ్లకు లేని ఒక మేలు మనకుంది. ఈ రసాయన చర్య వేడిలో చురుకుగా సాగుతుంది, చలిలో మందగిస్తుంది. మన ఎండ ఇక్కడ మన పక్షాన ఉంది.

ఒక షరతు మాత్రం ఉంది, తడి ఆరకూడదు. మా వైపు మార్చి, ఏప్రిల్ ఎండకు పైపొర ఒక్క రోజులో ఎండిపోతుంది. నీళ్లు లేకపోతే చర్య అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఎన్ని నెలలు గడిచినా బలం రాదు. కలిపి, రోలరుతో తొక్కించిన వెంటనే వరిగడ్డో గోనెపట్టాలో కప్పి నీళ్లు చల్లాలి, లేదా పైన ఇంకో పొర మన్ను వేసి మూయాలి. ఓపిక అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని నాకు తెలిసింది ఇక్కడే. గడువు పొడుగునా తడిని కాపాడాలి.

జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. వాటిని దాచి బూడిదను పొగడటం ఇంజనీరుకు తగదు. కొన్ని నేలల్లో, కొన్ని నీళ్లలో సల్ఫేటు లవణాలుంటాయి. అక్కడ సున్నం వేస్తే ఎట్రింజైట్ అనే ఉబ్బే పదార్థం పుట్టి రోడ్డును పైకి లేపుతుంది. ఆ చోట్ల సున్నం తగ్గించి స్లాగు పెంచడం మేలని పరిశోధనలు చెబుతున్నాయి. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం వంటి లోహాల జాడలు ఉండవచ్చు. అవి జిగురులో ఎంతవరకు బిగిసి ఉంటాయో, నీళ్లలోకి ఎంత ఊరతాయో పరీక్షించాకే వాడాలి. పశువులు నీళ్లు తాగే చెరువు పక్కన, ఊరికి తాగునీళ్లిచ్చే బోరు పక్కన ఈ పరీక్ష తప్పనిసరి. కర్మాగారం మారితే బూడిద గుణం మారుతుంది, బొగ్గు మారితే కూడా మారుతుంది. ఒక చోట పనిచేసిన పాళ్లను ఇంకోచోట కళ్లు మూసుకుని వేయకూడదు. లారీలో వందల కిలోమీటర్లు తోలితే డీజిలు పొగ కూడా లెక్కలోకి వస్తుంది.

అన్నిటికన్నా ముందు, అసలు ఏదైనా కలపాలా అని అడగాలి. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి గారు నల్లరేగడి కోసం చూపించిన పరిష్కారంలో ఏ బస్తా లేదు. ఉబ్బే నేల మీద, ఉబ్బని గుణమున్న ఎర్రమన్ను వంటి మన్నును తగిన మందంలో పరిచి తొక్కిస్తే రేగడి అణిగి ఉంటుంది. రేగడి నేలల్లో కాలువలకు లైనింగు వేసే ప్రమాణాల్లో ఈ పద్ధతికి చోటు దొరికింది. కర్నూలు వైపు మల్యాల దగ్గర కృష్ణా నీళ్లు ఎత్తి, అనంతపురం మీదుగా మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాకా తెచ్చే హంద్రీనీవా కాలువ దారిలో నల్లనేలలూ ఉన్నాయి, ఎర్రనేలలూ ఉన్నాయి. ఒక నేలకు మందు పక్క నేలలోనే దొరుకుతుందని ఆ దారి వెంట పోయే ప్రతి ఇంజనీరూ గుర్తుపెట్టుకోవాలి. మా ఊళ్లో మట్టిపని చేసి ముసలివాడైన ఒక తాత నాతో ఒకసారి అన్నాడు: “మన్నును అడక్కుండా గుంత తీయగూడదు నాయనా.” చదువులో నేర్చుకున్న ఎన్నో సూత్రాలు చివరికి ఆ మాట దగ్గరకే నన్ను చేర్చాయి.

బూడిద, స్లాగు ఎల్లకాలం దొరుకుతాయని కూడా అనుకోకూడదు. బొగ్గు కేంద్రాలు తగ్గాలని మనమే కోరుకుంటున్నాం. ఉక్కు కూడా బొగ్గు కొలిమిని వదిలే దారిలో ఉంది. ఆ రోజు వచ్చేసరికి మరో జిగురు సిద్ధంగా ఉండాలి. దానికి జవాబు మళ్లీ మట్టిలోనే ఉంది. కేయోలినైట్ ఎక్కువగా ఉన్న మట్టిని సుమారు 700–800 డిగ్రీల వేడిలో కాల్చి, సున్నపురాయి పొడితో కలిపి, సగం క్లింకరుతోనే సిమెంటు చేసే పద్ధతిని స్విట్జర్లాండ్ లోజాన్‌లోని శాస్త్రజ్ఞులు, మన ఐఐటీల వారు కలిసి అభివృద్ధి చేశారు. 2023లో దానికి భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. కాల్చిన మట్టి, సున్నం కలపడమంటే సుర్కీ గార పద్ధతే. గానుగ దగ్గర ఆగిపోయిందనుకున్న విద్య ప్రయోగశాలల ద్వారా మళ్లీ మన ముందుకు వచ్చింది.

నా వృత్తి నేర్పిన పాఠం ఇది. నేలకు బలాన్ని మనం బయటి నుంచి తెచ్చి పోయలేం. నేలలో ఉన్నదీ, మనం కలిపినదీ కలిసి, నీళ్ల సాయంతో, కాలం తీసుకుని దాన్ని తయారుచేస్తాయి. మన వంతు పని మూడే: మన్నును ముందుగా పరీక్షించడం, దానికి సరిపడే సరుకును ఎంచడం, తడి కాపాడుతూ ఆగడం. ఈ మూడింటిలో కష్టమైనది ఆగడమే. ఎందుకంటే ఆగాలంటే ముందుగా మొదలుపెట్టాలి. రోడ్డు మంజూరైన రోజే మన్ను నమూనాలు తీస్తే, ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గిన జనవరిలో కలిపే పని చేస్తే, వచ్చే వానల నాటికి 90 రోజులు దాటిపోతాయి. పని చివర్లో తొందరపడితే ఆ తొందరకు సిమెంటూ, దానితో పొగా మూల్యమవుతాయి.

కాబట్టి మా బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పంచాయతీలు నడిపేవారికీ, రోడ్లు వేసే ఇంజనీర్లకూ, చెరువు కింద స్థలం కొని ఇల్లు కట్టాలనుకునే వారికీ నా విన్నపం ఒక్కటే. కట్టడానికి ఒక వాన ముందే మన్నును పరీక్షించండి. మీ అంచనాల్లో సిమెంటు పక్కన సున్నంతో బూడిదకూ, స్లాగుకూ కూడా చెరో వరస రాసి, మూడింటినీ 90 రోజుల బలంతో పోల్చండి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు తమ ఊరి చెరువు మన్నునే ప్రాజెక్టుగా తీసుకోండి. మెత్తని నేల మనల్ని ముందుగా అడిగేది సిమెంటు కాదు, మూడు నెలల గడువు. దాన్ని ఇవ్వండి.